తిరిగొచ్చిన జవానుకు బడిలో పాఠమేదీ?

* వెటరన్స్ డే నాడు బడులకు సంక్రాంతి సెలవులు
* డబ్బా చప్పుడుతోనే సరిపోతున్న జెండా దినోత్సవం
* రెండు జెండాల చరిత్ర ఉన్న యానాంలో చిన్నారులకు చెప్పాల్సింది ఎంతో

యానాం పిల్లలకు కవాతు కొత్త కాదు. దేశంలో మిగతా బడులకు ఏడాదికి రెండు జెండా పండగలైతే ఇక్కడ నాలుగు. జనవరి 26, ఆగస్టు 15 అందరివీ. నవంబరు 1, ఆగస్టు 16 పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానివి. ఫ్రెంచి వారి చేతుల్లోంచి పాలన మన చేతికి వచ్చింది 1954 నవంబరు 1న. ఆ మార్పు చట్టప్రకారం పూర్తయింది 1962 ఆగస్టు 16న. ఆగస్టు 15న పంచిన చాక్లెట్ల కాగితాలు ఊడ్చేలోగానే మళ్లీ జెండా రోజు వచ్చేస్తుంది. అడుగు కలపడం, జెండాకు వందనం చేయడం మన చిన్నారులకు బాగానే వచ్చు.

అయితే ఆ అడుగు ఎక్కడిది? ఆ వందనం ఎవరిని చూసి నేర్చుకున్నది? అదే అడుగును పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో మంచులోనూ ఇసుకలోనూ వేసి, సర్వీసు ముగించుకుని వచ్చిన మనిషి మెట్టకూరులోనో కనకాలపేటలోనో తమ వీధి చివరే ఉంటే, ఆ సంగతి మూడో తరగతి పిల్లాడికి తెలుసా? ఆయన్ని ఏమని పలకరించాలో, ఏం అడగాలో బడి ఎప్పుడైనా చెప్పిందా? మాజీ సైనికులను గౌరవించాలని వేదికల మీద అందరూ అంటారు. ఆ గౌరవం ఏ వయసులో, ఏ రూపంలో మొదలవ్వాలన్నదే ఇప్పుడు ఆలోచించాల్సిన విషయం.

విగ్రహం ఒకరికి.. క్యూ మరొకరికి

పాఠ్యపుస్తకాల్లో సైనికుడు లేడా అంటే ఉన్నాడు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది. స్వాతంత్ర్యం వచ్చాక విధి నిర్వహణలో ప్రాణాలిచ్చిన 25 వేల మందికి పైగా జవాన్ల పేర్లు అక్కడి గోడల మీద ఉన్నాయి. ఆ స్మారకంపై 2023లో ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతిలో పాఠం పెట్టింది. 2025లో ఫీల్డ్ మార్షల్ శామ్ మానెక్‌షా, బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్, మేజర్ సోమనాథ్ శర్మల జీవితాలు ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాల్లోకి వచ్చాయి. 2021లో మొదలైన ‘వీర్ గాథ’ కార్యక్రమంలో మూడో తరగతి నుంచే పిల్లలు శౌర్య పతకాలు పొందినవారిపై బొమ్మలు గీసి, వ్యాసాలు రాసి పంపుతున్నారు.

ఇవన్నీ మంచివే. కాదనేవారు లేరు. కానీ కాస్త పరికించి చూస్తే ఓ లోటు కనిపిస్తుంది. పాఠాలేమో పెద్ద తరగతులకు. కథలేమో పతకాలు వచ్చినవారివి, ఎక్కువగా ప్రాణాలిచ్చినవారివి. పతకం రాకుండా, ప్రాణం పోకుండా, అప్పజెప్పిన పని చేసుకుని ఇంటికొచ్చిన లక్షల మంది ఊసు చిన్న తరగతుల్లో కనిపించడం అరుదు.

2020 జూన్‌లో గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు, 2025 మేలో సరిహద్దు వద్ద శ్రీసత్యసాయి జిల్లాకు చెందిన అగ్నివీర్ మురళీనాయక్ నేలకొరిగినప్పుడు తెలుగు నేల అంతా కదిలింది. ఆ కన్నీరు నిజమైనదే. అయితే ఇలాంటి సందర్భాల్లోనే సైనికుడి మాట వినే పిల్లాడి మనసులో మిగిలేదేమిటి? సైనికుడంటే ఫొటోకు దండ వేసి ఉన్న మనిషి. దండ లేని సైనికుడు వాడి కళ్లకు బ్యాంకు గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న సెక్యూరిటీ మావయ్య మాత్రమే. మరణించినవారికి విగ్రహం, బతికొచ్చినవారికి ఆఫీసుల ముందు క్యూ. ఈ తేడా పెద్దలు పెంచి పోషించింది. పిల్లలకు ఇంకా అంటలేదు. అంటకముందే చెప్పాలి.

తాతలే కాదు.. బాబాయిలు కూడా

మాజీ సైనికుడు అనగానే తెల్ల మీసాలు, చేతికర్ర, ఛాతీ మీద పతకాలున్న పెద్దాయన గుర్తుకొస్తారు. నిజానికి చాలామంది అలా ఉండరు. సిపాయికి పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. పద్దెనిమిదో ఏటో ఇరవయ్యో ఏటో చేరినవాడు నలభై దాటకముందే ఇంటికొచ్చేస్తాడు. పిల్లల చదువులు అప్పుడే మొదలవుతాయి. ఇంటి అప్పు అలాగే ఉంటుంది. దాంతో రెండో ఉద్యోగం వెతుక్కోక తప్పదు. బ్యాంకు, ఏటీఎం, ఫ్యాక్టరీ గేటు, ఆసుపత్రి.. ఎక్కడ యూనిఫారం వేసుకుని నిలబడే పని ఉంటే అక్కడ ఓ మాజీ జవాను ఉంటాడు. పిల్లలు రోజూ చూసే మనుషులే వీళ్లు. చూస్తారు గానీ ఎవరో తెలీదు.

పల్లెల్లో అలాంటి వారిని ‘మిలట్రీ ఆయన’ అంటారు. ఆ మాటలో కొంచెం భయం, కొంచెం హాస్యం, కొంచెం గౌరవం కలగలిసి ఉంటాయి. ‘మిలట్రీ హోటల్’ అంటే అక్కడ కోడికూర దొరుకుతుందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ‘మిలట్రీ ఆయన’ ఎక్కడ పనిచేశాడో, ఏం పని చేశాడో మాత్రం పక్కింటివారికీ తెలియదు.

ఇంకో పొరపాటు కూడా ఉంది. సైన్యంలో అందరూ తుపాకీ పట్టుకుని కాల్చేవారే అనుకుంటారు పిల్లలు. వంట చేసేవారు, లారీలు నడిపేవారు, వంతెనలు కట్టేవారు, వైర్‌లెస్ చూసేవారు, గాయాలకు కట్లు కట్టేవారు లేకపోతే సైన్యం ఒక్కరోజు కూడా నడవదు. వరదలొస్తే పడవలేసుకుని వచ్చేదీ వాళ్లే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను, ఈ తీరాన్ని ఊడ్చిపెట్టిన తుపాను తర్వాత సహాయ చర్యల్లోకి సైన్యం, నౌకాదళం దిగాయి. ఆ రాత్రి సంగతి ఇక్కడి ప్రతి అమ్మమ్మకూ గుర్తే. యుద్ధం సంగతి చెప్పడానికి పిల్లల వయసు చాలదనుకునే టీచర్లు తుపాను సంగతితో మొదలుపెట్టవచ్చు.

పండగ నాడు పడ్డ తేదీ

మాజీ సైనికులకంటూ దేశంలో ఒక రోజు ఉంది. అది జనవరి 14. భారత సైన్యానికి తొలి భారతీయ అధిపతి కె.ఎం.కరియప్ప 1953లో ఆ రోజున పదవీ విరమణ చేశారు. ఆ జ్ఞాపకంగా 2016 నుంచి సాయుధ దళాల వెటరన్స్ డే జరుపుతున్నారు. కంటోన్మెంట్లలో, నౌకాదళ స్థావరాల్లో పెద్ద సభలు పెడతారు.

మరి మన బడుల్లో? జనవరి 14 అంటే ఇక్కడ భోగో, సంక్రాంతో అయి ఉంటుంది. అటు పుదుచ్చేరిలో పొంగల్. బడికి తాళం. టీచర్లు సొంతూళ్లలో, పిల్లలు అమ్మమ్మగారి ఇళ్లల్లో ఉంటారు. ఊరంతా గాలిపటాలు, గంగిరెద్దులు, కోడిపందేల బరుల దగ్గర జనం. దేశంలో మిగతాచోట్ల ఎలా ఉన్నా గోదావరి తీరంలో మాత్రం ఈ తేదీ బడి గుమ్మం తొక్కలేదు. సెలవుల తర్వాత తలుపు తీసేసరికి ఆ రోజు వెళ్లిపోయి ఉంటుంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. తేదీ మార్చమని ఢిల్లీకి అర్జీ పెట్టాల్సిన పనీ లేదు. సెలవులకు ముందు చివరి బడి రోజునో, తెరిచాక మొదటి శనివారమో ఆ పేరుతో ఓ గంట కేటాయిస్తే సరిపోతుంది. నిజానికి సంక్రాంతికే ఇంటికొచ్చే జవాన్లు ఎక్కువ. సెలవు పెట్టుకుని వచ్చిన వారు, రిటైరైన వారు ఒకేసారి ఊళ్లో దొరికే రోజులవి. సెలవులకు వెళ్లే ముందు పిల్లలకు ఒక చిన్న పని చెప్పి పంపినా చాలు. ‘మీ బంధువుల్లో మిలట్రీలో చేసినవారుంటే పలకరించి, మూడు ప్రశ్నలు అడిగి రాసుకురండి’ అంటే పండగ కూడా పాఠమైపోతుంది.

డబ్బా వెనుక కథ

బడి రోజుల్లో వచ్చేది డిసెంబరు 7. సాయుధ దళాల జెండా దినోత్సవం. 1949లో మొదలైంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల్లో చిన్న కాగితపు జెండాలు వస్తాయి. ఎరుపు సైన్యానికి, ముదురు నీలం నౌకాదళానికి, లేత నీలం వాయుసేనకు. సాధారణంగా బడుల్లో ఏం జరుగుతుంది? జెండాల కట్ట వస్తుంది. తరగతికి ఇన్ని అని పంచుతారు. డబ్బా తిరుగుతుంది. పిల్లలు ఇంటికెళ్లి ‘సారు డబ్బులు తెమ్మన్నారు’ అంటారు. ఎందుకని అమ్మ అడిగితే ‘ఏమో, జెండాకి’ అంటారు. సాయంత్రానికి ఆ జెండా చొక్కా జేబు మీంచి రాలిపోతుంది.

ఆ డబ్బు ఎక్కడికెళ్తుందో చెబితే కథే వేరుగా ఉంటుంది. జెండా దినోత్సవ నిధి నుంచే మాజీ సైనికుల సంక్షేమ పథకాలు నడుస్తాయి. 65 ఏళ్లు దాటి, పింఛను లేని మాజీ సైనికులకు, వారి వితంతువులకు ప్రతి నెలా ఇచ్చే సాయాన్ని 2025 నవంబరు నుంచి 4 వేల రూపాయల నుంచి 8 వేలకు పెంచారు. పిల్లల చదువుకు ఒక్కొక్కరికి నెలకు వెయ్యి ఉన్నదాన్ని 2 వేలు చేశారు. సైన్యంలో చేసి కూడా పింఛను లేనివారు ఉంటారా అని పెద్దలకే అనుమానం రావచ్చు. ఉంటారు. సర్వీసు పూర్తికాకుండా బయటకొచ్చినవారు చాలామంది అలా మిగిలిపోయారు.

ఇది నాలుగో తరగతి లెక్కల పీరియడ్‌లో చెప్పదగ్గ విషయం. తరగతిలో 40 మంది. తలా 5 రూపాయలు ఇస్తే 200. ఒక పెద్దాయనకు ఒక నెల సాయం 8 వేలు. అంటే ఇలాంటి తరగతులు ఎన్ని కలవాలి? నలభై. యానాంలో ఒక బడి ఇచ్చిన డబ్బు సరిపోదు, నలభై తరగతులు కలిస్తే ఒక ముసలాయనకు ఒక నెల గడుస్తుంది అని పిల్లాడు తానే లెక్క కట్టుకుంటే, ఆ జెండా జేబు మీంచి అంత తేలిగ్గా రాలదు.

రెండు జెండాల ఊరు

యానాంలో ఈ పాఠం చెప్పడం మిగతా చోట్ల కంటే కాస్త కష్టం, కాస్త ఆసక్తికరం కూడా. కారణం ఇక్కడి చరిత్రే. 1723లో ఫ్రెంచి వారు ఇక్కడ స్థావరం పెట్టారు. మధ్యలో కొన్నాళ్లు ఆంగ్లేయుల చేతుల్లోకి పోయినా, మళ్లీ వారికే దక్కి 1954 దాకా ఫ్రెంచి జెండా ఎగిరింది. అప్పటి జాతీయ పండగ జూలై 14. ఇప్పటి పండగ ఆగస్టు 15.

తెలుగువాడికి సిపాయి ఉద్యోగం ఈ కాలపుదీ కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి వారూ, ఆంగ్లేయులూ ఈ తీరంలో మనవారిని సిపాయిలుగా చేర్చుకున్నారు. ఉత్తరాదిలో సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారంటే దానికి మూలం మన తెలుగు నేలే. కాకినాడ దాటి గొల్లప్రోలు మండలంలోని చందుర్తి దగ్గర 1758 డిసెంబరులో ఫ్రెంచి, ఆంగ్లేయ సేనలు తలపడ్డాయి. రెండు వైపులా నిలబడ్డవారిలో ఎక్కువమంది ఈ దేశపు మనుషులే. గెలిచింది ఆంగ్లేయులు. ఓడింది ఫ్రెంచి వారు. ప్రాణాలు పోయింది మాత్రం రెండు పక్షాల్లోని మనవారికి కూడా.

ఆ తర్వాతి కథ పుదుచ్చేరి సముద్ర తీరంలో కనిపిస్తుంది. గాంధీ విగ్రహానికి ఎదురుగా తెల్లటి స్తంభాలతో ఫ్రెంచి యుద్ధ స్మారకం ఉంది. 1914-18 యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడి మరణించిన ఫ్రెంచిండియా సైనికుల జ్ఞాపకంగా కట్టింది. 1938లో ప్రారంభించారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1940 సెప్టెంబరులో ఫ్రెంచిండియా గవర్నర్ బోన్వాన్ జనరల్ డిగాల్ పక్షాన చేరారు. 1962 ఒప్పందం అమలయ్యాక కోరుకున్నవారికి ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే వీలు కల్పించారు. అలా ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛనుతో వచ్చినవారిని పుదుచ్చేరి తమిళంలో ‘సొల్దా’ అంటారు. నేటికీ నవంబరు 11న ఆ స్మారకం దగ్గర పూలగుత్తులు ఉంచుతారు.

ఇక 1954 జూన్ 13. దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచన కార్యకర్తలు యానాంను ఫ్రెంచి పాలన నుంచి విడిపించిన రోజు. వారు సైనికులు కారు. స్వాతంత్ర్య సమరయోధులు. ఈ తేడా పిల్లలకు విడమరిచి చెప్పాలి. జీతం తీసుకుని, ఆజ్ఞకు కట్టుబడి పనిచేసేవాడు సైనికుడు. తన నమ్మకం కోసం తానే బయల్దేరినవాడు సమరయోధుడు. ఇద్దరికీ గౌరవం ఉంది. ఇద్దరి కథా ఒకటి కాదు. నవంబరు 1న ఒకరిని, జనవరిలో మరొకరిని తలుచుకోవాలి.

ఇక్కడే తెలివైన పిల్లాడు ఒక ప్రశ్న వేస్తాడు. ‘ఫ్రెంచి వాళ్ల కోసం యుద్ధం చేసినాయన మన సైనికుడేనా, సార్?’ దీనికి అవును, కాదు అని తేల్చేసే జవాబు లేదు. ఎవరి మీద యుద్ధం చేయాలో నిర్ణయించేది పాలకులు. చలిలో నిలబడేది, ఇంటికి దూరమయ్యేది, కాలు పోగొట్టుకునేది సిపాయి. పాలకుల నిర్ణయం తప్పా ఒప్పా అని అడిగే హక్కు మనకుంది. అది అడుగుతూనే ఆ మనిషిని గౌరవించవచ్చు. ఇంత చిన్న మాట పదేళ్లకే అర్థమైతే, పెద్దయ్యాక యుద్ధమంటే కేకలు వేయడమే అనుకోడు. యానాం బడి చెప్పగలిగిన పాఠం ఇది. చాలా ఊళ్లకు ఈ అవకాశమే లేదు.

పక్క జిల్లాల్లో.. పరదేశాల్లో

పాఠం లేకుండానే పిల్లలు నేర్చుకునే ఊరు ఒకటి పక్కనే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని అందరూ ‘మిలటరీ మాధవరం’ అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి జవాన్లు వెళ్లారు. తరతరాలుగా సైన్యంలో చేరడం అక్కడ ఆనవాయితీ. పిల్లలకు మేజర్, కెప్టెన్ అని పేర్లు పెట్టుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. అక్కడ సైనికుడంటే ఫొటోలోని మనిషి కాదు. అరుగు మీద కూర్చుని పేపరు చదివే తాత. యానాంలో అలా ఇంటికొకరు ఉండరు. కాబట్టే ఇల్లు చేయలేని పని బడి చేయాలి.

విహారయాత్రకు విశాఖ వెళ్లే బడులు చాలానే ఉన్నాయి. బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం, 2002లో ప్రదర్శనకు తెరిచిన కురుసుర జలాంతర్గామి, 2017లో వచ్చిన టీయూ-142 విమానం ఉన్నాయి. పిల్లలు లోపలికెళ్లి నోరెళ్లబెట్టి చూస్తారు. బయటకొచ్చి ఐస్‌క్రీమ్ తింటారు. ఆ ఇనుప గొట్టంలో రోజుల తరబడి ఎండ చూడకుండా బతికిన మనుషులు ఏమయ్యారని అడిగేవారు తక్కువ. యంత్రాన్ని చూపించడం తేలిక. మనిషిని చూపించడమే కష్టం.

అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలకు ఈ తేడా చిన్నప్పుడే తెలుస్తోంది. అక్కడ మరణించిన సైనికులకు మే చివరి సోమవారం ఒక రోజు. బతికున్న మాజీ సైనికులకు నవంబరు 11 మరో రోజు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఆ తేదీకి 1954లో ‘వెటరన్స్ డే’ అని పేరు మార్చారు. ఆ సందర్భంగా చాలా బడులు ఊళ్లోని మాజీ సైనికులను, పిల్లల తాతలను తరగతికి పిలుస్తాయి. ఫ్రాన్స్‌లో ‘బ్లూయే’ అనే నీలి పువ్వు గుర్తును చొక్కాకు పెట్టుకుంటారు. యుద్ధంలో గాయపడ్డవారి కోసం పుట్టిన గుర్తు అది. మన జెండా దినోత్సవపు కాగితపు జెండాకు అక్కచెల్లెలు లాంటిది.

అలాగని అక్కడంతా సవ్యంగా ఉందని కాదు. ‘థ్యాంక్యూ’ చెప్పి, షాపుల్లో డిస్కౌంటు ఇచ్చి చేతులు దులుపుకునే ధోరణి అక్కడా ఉంది. ఎందుకు థ్యాంక్యూ చెబుతున్నామో తెలియకపోతే అది కూడా మన డబ్బా చప్పుడు లాంటిదే. తీసుకోవాల్సింది తేదీని కాదు, తరగతికి మనిషిని పిలిచే అలవాటును.

శాలువా కాదు.. ప్రశ్న కావాలి

మరి ప్రాథమిక పాఠశాలలో చెప్పేదెలా? మనకు తెలిసిన పద్ధతి ఒకటే. వేదిక, మైకు, ముఖ్య అతిథి ఆలస్యం, శాలువా, దండ, ఫొటో. ఎండలో కూర్చున్న పిల్లలు ఎప్పుడు అయిపోతుందా అని చూస్తుంటారు. సన్మానం పొందిన జవాను రెండు ముక్కలు మాట్లాడేలోపు మైకు మరొకరి చేతికి పోతుంది. దీనివల్ల పిల్లలకు తెలిసేది శాలువా రంగు మాత్రమే.

దానికి బదులు ఒక తరగతి గది చాలు. ఒక్క మాజీ జవాను చాలు. ముందురోజే పిల్లల చేత ప్రశ్నలు రాయించాలి. ఎక్కడెక్కడ పనిచేశారు? అక్కడ అన్నం దొరికేదా, రొట్టెలేనా? ఇంటి నుంచి ఉత్తరం ఎన్నాళ్లకు వచ్చేది? పండగకు రాలేకపోతే ఏం చేసేవారు? భయం వేసేదా? ఇంటికొచ్చాక ఏ పని దొరికింది? ఇందులో చివరి రెండూ ముఖ్యమైనవి. సైనికుడికి కూడా భయం వేస్తుందని తెలిస్తే పిల్లాడికి ధైర్యమంటే ఏమిటో అర్థమవుతుంది. ఇంటికొచ్చాక పడ్డ కష్టం తెలిస్తే బ్యాంకు గేటు దగ్గరి మావయ్యకు రేపటి నుంచి నమస్కారం పెడతాడు. ఆ నమస్కారమే అసలు గౌరవం. దానికి ఎవరూ ఫొటో తీయనక్కర్లేదు.

కొన్ని జాగ్రత్తలూ అవసరం. ‘ఎంతమందిని చంపారు’ అని పిల్లలు అడుగుతారు. సినిమాల ప్రభావం అది. అడగకూడని ప్రశ్నలు ఉంటాయని, ఎదుటివారికి బాధ కలిగించేది అడగొద్దని టీచరు ముందే చెప్పాలి. అది కూడా మర్యాద పాఠమే. చెప్పడం ఇష్టం లేని జవానును బలవంతపెట్టకూడదు. తండ్రి ప్రస్తుతం సరిహద్దులో ఉన్న పిల్లను వేదికెక్కించి ఏడిపించకూడదు. భర్తను పోగొట్టుకున్న తల్లులను పిలిస్తే పూలదండకు మించి వారికి కూడా మాట్లాడే సమయం ఇవ్వాలి. చిన్నారులకు ద్వేషం నేర్పే సభ కాకుండా, కృతజ్ఞత నేర్పే తరగతి కావాలి.

పుస్తకం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. దశాబ్దాల పాటు యానాం బడుల్లో ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలే చదివారు. ఇటీవలి ఏళ్లలో పుదుచ్చేరి ప్రభుత్వం ప్రభుత్వ బడులను సీబీఎస్ఈలోకి మార్చింది. అటు పుస్తకమైనా, ఇటు పుస్తకమైనా దరియాలతిప్ప జవాను పేరు అందులో దొరకదు. ముప్పై చదరపు కిలోమీటర్ల ప్రాంతం గురించి దేశం పుస్తకం రాయదు. బడులే రాసుకోవాలి. ఒక లాంగ్ నోటుబుక్ కొని, ఒప్పుకున్నవారి పేరు, పనిచేసిన చోటు, పిల్లలు విన్న ఓ చిన్న సంగతి ఏటా రాయిస్తూ పోతే పదేళ్లకు అదే యానాం సైనిక చరిత్ర అవుతుంది. ఇప్పుడు రాయకపోతే 1965, 1971 యుద్ధాలు చూసిన తరం చెప్పేవారు లేకుండా వెళ్లిపోతుంది. వారిలో చిన్నవారికి కూడా డెబ్బై దాటింది.

ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం

పిల్లలకు నేర్పే పెద్దలు ముందు తాము చేయాల్సినవి చూసుకోవాలి. యానాం మాజీ సైనికుడి తిప్పలు ఆంధ్రా జవాను తిప్పల కంటే ఒక మెట్టు ఎక్కువే. పక్కనున్న తాళ్లరేవు మండలపు జవానుకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం కాకినాడలో ఉంది. బస్సెక్కితే గంట ప్రయాణం. యానాం జవాను రాష్ట్ర స్థాయి సాయం కోసం చూడాల్సింది పుదుచ్చేరి వైపు. అది ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. భాష తమిళం. ఊళ్లో పరిపాలనాధికారి కార్యాలయం ఉన్నా, సంతకం కావాలంటే కాగితం అంత దూరం వెళ్లి రావాలి.

గౌరవం అనే మాటకు కాగితాలతో సంబంధం లేదనుకుంటే పొరపాటు. ఒకే ర్యాంకు ఒకే పింఛను కోసం 2015లో పతకాలు పెట్టుకున్న ముసలి జవాన్లు ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చున్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో కేంద్రం ప్రకటించాక 2014 జూలై నుంచి వర్తింపజేశారు. దేశం కోసం ప్రాణం పణంగా పెట్టినవాడు ఏటా తాను బతికే ఉన్నానని ధ్రువపత్రం ఇచ్చుకోవాలి. వేలిముద్ర పడకపోతే, ఫోన్‌కు ఓటీపీ రాకపోతే మళ్లీ తిరగాలి. పాఠంలో ‘గౌరవించాలి’ అని చదివిన పిల్లాడు మర్నాడు తాతను ఆఫీసు మెట్ల మీద చూస్తే ఏది నమ్మాలి?

అందుకే బడి కార్యక్రమాన్నీ, ఆఫీసు పనినీ ఒకే రోజున కలిపితే మేలు. డిసెంబరు 7నో, సంక్రాంతి తర్వాతో పుదుచ్చేరి సైనిక సంక్షేమ శాఖ సిబ్బంది రెండు రోజులు యానాంలో మకాం వేసి, అర్జీలు ఇక్కడే తీసుకుంటే జవాన్లకు ప్రయాణ ఖర్చు తప్పుతుంది. వచ్చినవారిలో ఇష్టపడ్డవారిని పక్క బడికి తీసుకెళితే పిల్లలకు పాఠమూ దొరుకుతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద నిధులూ అక్కర్లేదు. ఒక సర్క్యులర్, ఓ జీపు చాలు.

రేపటి ప్రశ్న.. అగ్నివీరులు

బడులు త్వరలోనే మరో ప్రశ్నకు సిద్ధం కావాలి. 2022 జూన్‌లో కేంద్రం ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో చేరినవారి సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత నూటికి ఇరవై ఐదు మంది వరకే సైన్యంలో కొనసాగుతారు. మిగతావారు సేవానిధి డబ్బుతో ఇంటికి వస్తారు. పథకం నిబంధనల ప్రకారం వారికి పింఛను ఉండదు. మాజీ సైనికుల హోదా కూడా ఉండదు. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ.

కానీ ఇరవై రెండేళ్లకో ఇరవై ఐదేళ్లకో ఇంటికొచ్చిన కురసాంపేట కుర్రాడు కాగితం మీద మాజీ సైనికుడు కాకపోతే, బడి అతన్ని ఏమని పిలుస్తుంది? నాలుగేళ్లు మంచులో నిలబడ్డవాడు పిల్లల దృష్టిలో ఎవరు? హోదా ప్రభుత్వం ఇచ్చేది. గౌరవం ఊరు ఇచ్చేది. ఈ రెండూ ఒకటి కాదని చెప్పగలిగేది ప్రాథమిక బడి మాస్టారే. పెద్ద తరగతులకు వచ్చేసరికి పిల్లలు అప్పటికే టీవీ చర్చల భాష నేర్చేసుకుని ఉంటారు.

యానాం చిన్న ఊరు. 2011 లెక్కల్లో జనాభా 55,626. ఎవరు ఎవరో తెలుసుకోవడం పెద్ద పని కాదు. మంగళవారం సంతలో ఒక పూట నిలబడితే ఊళ్లో సగం మంది ఎదురుపడతారు. ఆ సగంలో ఒకరిద్దరు దేశం సరిహద్దు మీద కాపలా కాసి వచ్చినవారై ఉంటారు. సంచిలో కూరగాయలు, చేతిలో పాత గొడుగు.. చూస్తే ఎవరూ పోల్చుకోలేరు. వారిని పోల్చుకునే కన్ను పిల్లలకు ఇవ్వడమే ఈ పాఠం. వచ్చే డిసెంబరు 7కు జెండాల కట్ట వచ్చేలోగా ప్రతి ప్రాథమిక బడీ తన పరిధిలో ఒక్క మాజీ జవాను ఇంటి తలుపు తట్టి, ‘మా పిల్లలతో ఓ గంట మాట్లాడతారా అండీ’ అని అడిగితే చాలు. మిగతాది పిల్లలే చూసుకుంటారు.